మూడు పొరల మధ్య మండ్రగబ్బ

అరకులో నాకొక ఫోటో ఫ్రేముల కొట్టు ఉంది. చాలా ఏళ్లపాటు అక్కడ దేవుళ్లకీ, పోయినవాళ్లకీ, పెళ్లిజంటలకీ అద్దాలు కోసి ఫ్రేములు కట్టాను. జనం ఫోన్లలోనే ఫోటోలు దాచుకోవడం మొదలుపెట్టాక కొట్టుకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. పొద్దున్నే తలుపు తీసి, గాజు పలకల మీద దుమ్ము తుడిచి, మధ్యాహ్నానికి ఎవరూ రాకపోతే మూసేసి ఇంటికి పోయేవాణ్ణి. ఆ ఖాళీ రోజుల్లో నేర్చుకున్న పని రెసిన్ పోయడం. ఇప్పుడు ఆ పేరు వింటేనే నోట్లో నీళ్లు ఊరతాయి, అదీ వాంతికి ముందు ఊరే నీళ్లు. కానీ మొదట్లో ఆ పని నన్ను ఎంత మురిపించిందో చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టే.

విశాఖపట్నంలో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్లినప్పుడు ఒక బల్ల మీద గాజు బిళ్లలాంటిది కనిపించింది. లోపల ఒక చామంతి పువ్వు రేకులు విప్పుకుని ఉంది. గాజు పనివాణ్ణి కనుక చేతిలోకి తీసుకోగానే అది గాజు కాదని తెలిసిపోయింది. గాజుకుండే బరువు లేదు, చల్లదనం లేదు. అది ఎపాక్సీ రెసిన్ అని అమ్మే అమ్మాయి చెప్పింది. ఇంటికొచ్చి నెలరోజులు ఫోన్లో వీడియోలు చూశాను. తర్వాత రెండు సీసాలు తెప్పించుకున్నాను. ఒకదానిలో రెసిన్, రెండోదానిలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. రెండూ కొలిచి కలిపితే పలచటి తేనెలా ఉంటుంది. ఒక రోజు గడిస్తే రాయి అవుతుంది.

వీడియోల్లో అంతా సులువుగానే కనిపించింది. మా కొండల్లో మాత్రం అంత సులువు కాలేదు. చలికాలంలో సీసాలోని రెసిన్ ముద్దగా అయిపోయి, కలిపితే లోపల వేల బుడగలు పట్టేవి. సీసాని వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి కరిగించుకునేవాణ్ణి. వానాకాలంలో పొగమంచు కొట్టులోకి దూరి, పోసిన పొర మీద తెల్లటి జిడ్డు తేలేది. వేలు పెడితే తుడవని నూనెగిన్నెని ముట్టుకున్నట్టు ఉండేది. ఒకసారి ఓపిక లేక ఒక పెద్ద అచ్చు నిండా ఒకేసారి పోశాను. అరగంటకి అది తనలో తానే కాగి, పసుపెక్కి, పొగలు కక్కి, టప్‌మని పగిలింది. ఆ రోజునుంచి పొరలు పొరలుగానే పోశాను.

ముందు అచ్చు అడుగున పలచటి పొర. అది పూర్తిగా గట్టిపడకూడదు, మెత్తగానూ ఉండకూడదు. వేలు ఆనిస్తే ముద్ర పడాలి, కానీ వేలికి అంటుకుని రాకూడదు. అప్పుడు పువ్వో ఆకో దానిమీద పెట్టాలి. రెండో పొర పువ్వు సగం మునిగేదాకా పోయాలి. బుడగలు పైకి తేలితే హీట్ గన్‌తో వేడిగాలి ఊది పగలగొట్టాలి. మళ్లీ గంటలు గంటలు ఆగాలి. ఆఖరి పొర పైన మూతలాంటిది. తొందరపడితే పువ్వు అడుక్కి దిగిపోతుంది. ఆలస్యం చేస్తే రెండు పొరల మధ్య సన్నటి గీత పడిపోతుంది. ఇవన్నీ కుదిరిన రోజున, అచ్చు విప్పి చూసుకుంటే, నిజంగా ఒళ్లు పులకరించేది.

పువ్వులూ ఆకులూ తెచ్చి ఇచ్చేది ఒక కొండ ఆవిడ. పై ఊరినుంచి సంతకి రాజ్మా గింజలూ పిప్పళ్లూ తెచ్చేది. నాకంటే పదేళ్లు పెద్దది. నేను అడిగితే పసుపుపచ్చటి వలిసె పూలు, ఫెర్న్ ఆకులు, కాఫీ పళ్ల గుత్తులు గోనెసంచీలో కాకుండా జాగ్రత్తగా బుట్టలో పెట్టి దించేది. నా పని చూసి నవ్వేది.

"ఏటి బావూ, పువ్వుని గాజులో పెట్టి ఎవులికి అమ్ముతావు? కొండెక్కితే ఊరికే ఉన్నాయి కదా?"

"కొండెక్కలేనోళ్లకి," అన్నాను.

"అయితే ఆళ్లకి కాళ్లు నేవేటి?" అని మళ్లీ నవ్వేది.

మొదటి అసహ్యం ఆ కాఫీ పళ్లతోనే తెలిసింది. ఎర్రగా నిగనిగలాడుతున్న పళ్లని తెచ్చినవి తెచ్చినట్టే పోసేశాను. పదిరోజులకి పండు చుట్టూ నల్లటి నీరు పట్టింది. లోపల తడి ఉన్నదేదైనా అంతేనట, బయటికి పోయే దారి లేక అక్కడే కుళ్లిపోతుంది. పుండు చుట్టూ చీము చేరినట్టు ఉంది చూడ్డానికి. వాటిని పారేశాను. తర్వాతనుంచి ఏదైనా సరే పొడి ఇసుకలో వారాలు ఆరబెట్టాకే పోసేవాణ్ణి.

ఇలా పువ్వులతోనే ఆగి ఉంటే బాగుండేది.

బొర్రా గుహలకి వెళ్లే దారిలో టూరిస్టుల కోసం ఒక గిఫ్టు షాపు ఉంది. వెదురు బుట్టలు, తేనె, కాఫీ పొడి అమ్ముతారు. దాని ఓనరు నాకంటే చిన్నవాడు, మైదానంనుంచి వచ్చినవాడు, చలాకీ మనిషి. నా పూల బిళ్లలు కొన్ని అక్కడ పెట్టాడు. ఒకరోజు నా కొట్టుకి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, పూలు బానే ఉన్నాయి కానీ పిల్లలు ఆగట్లేదు. పురుగులు పెట్టు. పిల్లాడు ఆగితే వాళ్ల నాన్న ఆగుతాడు."

"పురుగులేంటి?"

"కొమ్ము పురుగులు, జీరంగులు, జెర్రులు. కొండల్లో ఏం తక్కువ? చూడగానే ఒళ్లు జలదరించాలి. అదే కొంటారు."

నాకు అప్పుడే రోత పుట్టింది. కానీ ఆ రోత నాకు నచ్చినట్టుగా కూడా ఉంది. చిన్నప్పుడు జీరంగిని అగ్గిపెట్టెలో పెట్టుకుని ఆడని వాళ్లు మా వైపు ఎవరున్నారు? సరే అన్నాను.

చచ్చినవి దొరికితే అవే పోశాను. వీధిదీపం కింద రాలిన సీతాకోకచిలుక ఒకటి చాలా బాగా వచ్చింది. కానీ ఓనరుకి అలాంటివి చాలలేదు. కొండ ఆవిడ బతికినవి తెచ్చేది. వాటిని చంపే పద్ధతి ఒక వీడియోలో చూశాను, డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచడం. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫ్రిజ్. పాలపొడి డబ్బా ఫ్రీజర్లో ఎందుకుందోనని మా ఆవిడ ఒకరోజు మూత తీసింది.

"ఓలమ్మో! ఏటండీ ఇది? బఠాణీల పక్కన జెర్రి పెట్టినారా?"

"మూత గట్టిగా ఉంది. ఏం కాదు."

"మూత సంగతి నాకు సెప్పకండి. అదే అరలో ఐసు ఉంది, అదే ఐసు నిన్న మీ సుట్టాలకి మజ్జిగలో వేసినాను." నోరు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది.

నిజంగానే కక్కింది. నేను వెనకాలే నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డాను. మర్నాటినుంచి ఆ ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు ఆవిడ తినలేదు. నేను తిన్నాను. తినగలిగాను కాబట్టి నాదేదో గట్టి గుండె అనుకున్నాను.

తర్వాత జీరంగుల గొడవ వచ్చింది. ఆకుపచ్చగా మెరిసే ఆ పురుగులని ఓనరు ఒక పెద్ద బ్యాచ్ అడిగాడు, సెలవుల సీజన్‌కి. బేగి కావాలన్నాడు. ఇసుకలో వారాలు ఆరబెట్టే టైము లేదు. పైన పెంకు గట్టిగా ఉంది కదా, లోపలేముంటుందిలే అనుకున్నాను. రెండు రోజులు ఆరబెట్టి పోసేశాను. ఇచ్చిన రోజున అవి రత్నాల్లా ఉన్నాయి. మూడు వారాలకి పెట్టె వెనక్కి వచ్చింది.

పెట్టె విప్పి చూశాను. ప్రతి పురుగు పొట్ట కిందా ఒక బుడగ. దానిలో గోధుమరంగు రసం. బిళ్లని వంచితే ఆ రసం అటూ ఇటూ కదులుతోంది. రెక్కల పచ్చదనం మీద పాచిలా ఏదో పట్టింది. ఎందుకు చేశానో తెలియదు గానీ, ఒకదాన్ని బల్లకి బిగించి డ్రిల్లుతో కన్నం పెట్టాను. లోపలి గాలి చీదినట్టు బయటికొచ్చింది. ఎలక చచ్చిన గోడసందు, కుళ్లిన రొయ్యలు, దానికి తోడు హార్డెనర్‌కి సహజంగా ఉండే చేపల నీచు, అన్నీ కలిపి ఒక్కసారి ముక్కులోకి ఎక్కాయి. ఒక చుక్క నా కుడి మణికట్టు మీద పడింది. సబ్బుతో ఎన్నిసార్లు కడిగానో. అన్నం ముద్ద నోటిదగ్గరికి తెస్తే ఆ వాసనే. మూడు రోజులు ఎడం చేత్తో తిన్నాను.

అప్పటికైనా మానేయాలి. మానలేదు. పొరపాటు ఆరబెట్టడంలో ఉంది, పనిలో లేదు అనుకున్నాను. పనివాడికి ఉండే మొండితనం అది. ఓనరు ఈసారి మండ్రగబ్బ కావాలన్నాడు. మామూలు తేలు కాదు, అడవిలో బండల కింద ఉండే నల్లటి పెద్దది, అరచేయంత.

కొండ ఆవిడ ఒక ఉదయం వెదురు గొట్టంలో తెచ్చింది. మూతికి గుడ్డ కుక్కి ఉంది.

"బావూ, ఇది సావనేదు. నువ్వే సంపుకో. సెయ్యి జాగర్త."

గొట్టాన్ని డబ్బాలోకి వంచాను. నల్లగా, తడిసిన తారులా మెరుస్తూ జారి పడింది. మూత బిగించి ఫ్రీజర్లో పెట్టాను. ఆ రోజంతా వాన. కొండమీద ఎక్కడో చెట్టు పడి కరెంటు పోయింది, చాలాసేపు రాలేదు. ఫ్రీజర్లో ఐసు కరిగి గచ్చు మీదికి కారితే మా ఆవిడ గుడ్డతో తుడిచింది. కరెంటు పోయిందంటే డబ్బాలోది ఏమై ఉంటుందో అన్న ఆలోచన నాకు రానేలేదు.

మర్నాడు పొద్దున్న డబ్బా కొట్టుకి తీసుకెళ్లాను. అచ్చులో మొదటి పొర ముందే పోసి ఉంచాను, సరిగ్గా వేలిముద్ర పడే స్థితిలో ఉంది. మూత తీసి పుల్లతో కదిపాను. కదల్లేదు. కాళ్లు బిగుసుకుని ఉన్నాయి. పటకారుతో ఎత్తి పొర మీద పెట్టి, కాళ్లు రెండువైపులా సర్దాను. తోకని నిటారుగా నిలబెట్టడం కుదరక వెనక్కి వాలనిచ్చాను. ఈసారి కూడా వారాలపాటు ఆరబెట్టకుండానే పోస్తున్నానని నాకు తెలుసు. ఓనరు ఆ సాయంత్రం ఫోటో అడిగాడు. ఫోటో తీసి పంపాక ఏమైతే నాకేంటి అనుకున్నాను.

పక్క కొట్లో పిప్పళ్లు తూయించుకుని వచ్చిన కొండ ఆవిడ అప్పుడు కొట్టు గుమ్మంలోనే కూర్చుని ఉంది. రెండో పొర కలిపి, అంచునుంచి నెమ్మదిగా పోశాను. రెసిన్ కాళ్ల మధ్యకి పాకింది, పొట్టని తాకింది, పటకారుల్లాంటి ముందరి డెక్కల దాకా ఎక్కింది.

అప్పుడు ఒక కాలు కదిలింది.

రెసిన్ పాకడం వల్ల అనుకున్నాను. రెండో కాలు కదిలింది. తర్వాత ముందరి డెక్క, చాలా నెమ్మదిగా, చిక్కటి పాకంలో చెయ్యి తిప్పినట్టు, తెరుచుకుని మూసుకుంది. పొట్ట కిందనుంచి ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి లేచాయి. వెనక్కి వాలి ఉన్న తోక కొంచెం కొంచెంగా పైకి లేవడం మొదలుపెట్టింది.

కొండ ఆవిడ లేచి వచ్చి చూసింది.

"బతికుంది బావూ!"

"ఆఁ."

"మరి ఏటి సూత్తన్నావు? తీసీ! తీసి సెప్పుతో ఒక్కటి కొట్టీ. సచ్చిపోద్ది, ఒగ్గీ."

ఆవిడ జాలితో అన్నమాట కాదది. మండ్రగబ్బని చూస్తే ఆవిడ కొట్టే చంపుతుంది, ఇంట్లో పిల్లలుంటారు. ఆవిడ కొడితే ఒక్క దెబ్బే. నేను పటకారు చేతిలోకి తీసుకున్నాను. పైకి లాగితే పొర పాడవుతుంది. అది బల్ల మీద పడి కుడుతుందేమో. ఫోటో పంపాలి. ఇవన్నీ ఒక్క క్షణంలో తలలో తిరిగాయి. అంతలో దాని ముందు కాలు ఒకటి అచ్చు అంచుకి తగిలి పైకి వచ్చింది. నేను కలిపే పుల్ల తీసుకుని, దాని కొనతో ఆ కాలిని మళ్లీ లోపలికి నొక్కాను. నొక్కి, కదలకుండా పట్టుకున్నాను.

ఈ పుల్ల సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మిగిలినదంతా పొరపాటు అనుకోవచ్చు. కరెంటు పోవడం నా చేతిలో లేదు. అది చచ్చిందనుకోవడం తెలియకపోవడమే. పుల్లతో నొక్కడం మాత్రం నేను తెలిసి చేసినది. పుల్ల చివర ఆ కాలు తన్నుకోవడం నా వేళ్లకి తెలిసింది. చాలా చిన్న తోపు. మణికట్టు దగ్గర నాడి కొట్టుకున్నంత.

"ఛీ," అంది ఆవిడ. గుమ్మం బయటికి వెళ్లి ఉమ్మేసింది. "నీ సేతులో ఏది ఎట్టినా ఇలగే సేత్తావు. నాను పోతన్నాను." తూయించుకున్న పిప్పళ్ల మూట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

నేను పుల్ల పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రెసిన్ చిక్కబడింది. తోక సగం లేచి ఆగిపోయింది. తర్వాత హీట్ గన్ తీసి బుడగలు పగలగొట్టాను, అలవాటుగా. వేడిగాలికి దాని వెనక కాలు ఒకటి మరోసారి వణికింది. లేక గాలికే కదిలిందా. సాయంత్రానికి మూడో పొర పోసి, ఫోటో తీసి పంపాను.

రెండురోజుల తర్వాత దాన్ని సానబెట్టి, మెరుగుపెట్టి, ఓనరు షాపుకి తీసుకెళ్లాను. అతను కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"అబ్బ! ఫోటోలో ఇంత తెలియలేదు గానీ, ఆ తోక చూడన్నయ్యా! కుట్టడానికి లేస్తున్నట్టుంది. అసలు ప్రాణంతో ఉన్నట్టే ఉంది. ఎలా పెట్టావు ఆ పోజు?"

"పెట్టలేదు. అదే లేచింది."

అతనికి వెంటనే అర్థమైంది. ముఖం ముడుచుకుంటాడని ఎదురుచూశాను. నవ్వాడు. గొంతు తగ్గించి దగ్గరికి వంగాడు.

"అయితే అలాగే చెయ్యి. కొంచెం మత్తుగా ఉన్నప్పుడే పోసెయ్యి. చచ్చినవి అన్నీ ఒకేలా పడుంటాయి, బొమ్మల్లా. ఇలాంటివి ఎంతైనా పోతాయి."

అతని నోటినుంచి వక్కపొడి వాసన వచ్చింది. అతని మీద నాకు పుట్టిన రోత అంతా ఇంతా కాదు. ఆ పళ్లు, ఆ నవ్వు, భుజం మీద వేసిన ఆ చెయ్యి. కానీ అతను చెప్పింది నేను చేసేసినదే. అతను మాటల్లో అన్నాడు, నేను చేత్తో చేశాను. ఇద్దరిలో ఎవరు నీచమో తేల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "చూద్దాం," అని లేచి వచ్చేశాను. కనీసం చెయ్యనని కూడా అనలేకపోయాను.

దారిలో బండి ఆపి, కాఫీ తోట గట్టు మీద కూర్చుని కక్కాను. ఇంటికి వెళ్లి మా ఆవిడకి చెప్పాను. పుల్ల సంగతి మాత్రం దాచాను. ఆవిడ ఫ్రిజ్ స్విచ్ ఆపి, అందులో ఉన్నవన్నీ బయటపెట్టి, నా డబ్బాలు ఒక్కొక్కటీ తీసుకెళ్లి పెరటి చివర గొయ్యిలో పారేసి మట్టి కప్పింది. అరలన్నీ ఊడదీసి సర్ఫు నీళ్లతో కడిగి ఎండలో పెట్టింది. "రేపు ఎల్లి ఆ మండ్రగబ్బని వెనక్కి అట్టుకొచ్చీయండి," అంది.

మర్నాడు వెళ్లాను. అప్పటికే అమ్ముడైపోయింది. హైదరాబాద్‌నుంచి వచ్చిన కుటుంబమట, హాల్లో టీవీ పక్కన పెట్టుకుంటామన్నారట. ఇక నావల్ల కాదని అప్పుడు ఓనరుకి చెప్పాను. అతను బతిమాలలేదు. మారేడుమిల్లి వైపు ఒకతను ఇవే చేస్తాడని, అతనితో మాట్లాడుకుంటానని అన్నాడు. మాట్లాడుకున్నాడు కూడా. ఈ మధ్య ఆ షాపు ముందునుంచి బస్సులో వెళ్తుంటే అద్దాల అరలో నల్లగా వరసగా కనిపించాయి. తల తిప్పుకున్నాను.

నేను కొన్నాళ్లు పూలతోనే పని కొనసాగించాలని చూశాను. కుదరలేదు. వేళ్ల సందుల్లో ముందే మొదలైన దురద బొబ్బలై, పగిలి, నీరు కారడం మొదలైంది. రెసిన్ ఒంటికి పడదని, ఇక ముట్టుకోవద్దని చర్మం డాక్టరు చెప్పాడు. లోపల నాకు సంతోషమే వేసింది, మానడానికి ఒక కారణం దొరికినందుకు. ఆ సంతోషం మీద కూడా మళ్లీ రోత కలిగింది. నా అంతట నేను మానగలిగినవాణ్ణి కాదన్నమాట. మిగిలిన సీసాలు మూతలు బిగించి అటక ఎక్కించాను. ఇప్పుడు స్కూలు సర్టిఫికెట్లకీ, ఆఫీసుల్లో రిటైర్మెంటు ఫోటోలకీ ఫ్రేములు కడుతున్నాను. తక్కువే వస్తాయి, వచ్చినంత చాలు.

కొండ ఆవిడ వదిలేసిన పిప్పళ్ల మూట పట్టుకుని ఒక సంతరోజు వెళ్లాను. రాజ్మా గింజల గుట్ట వెనక కూర్చుని ఉంది. మూట ముందు పెట్టాను. తీసుకుని, విప్పి, బూజు పట్టిందేమోనని వాసన చూసింది.

"అది ఏటైంది?" అని అడిగింది, నా మొహం చూడకుండానే.

"అమ్ముడైపోయింది. ఎవరో ఇంట్లో పెట్టుకోడానికి కొన్నారు."

"ఇంటిలోనా? కూడు తిన్నకాడా?" ఆవిడ మూతి వంకర తిరిగింది.

"ఇప్పుడు ఆ పని మానేశాను."

"మంచిది," అంది. ఆ మాటలో మెప్పు లేదు, క్షమించినట్టూ లేదు. నా చేతుల మీద పుళ్లు కనిపించినట్టున్నాయి, కాసేపు వాటికేసి చూసింది. గింజలు కావాలా అని అడిగింది. కావాలన్నాను. సంచీ తెరిచి పట్టుకోమంది. నా చెయ్యి తగలకుండా, కాస్త ఎత్తునుంచే గింజలు పోసింది. తర్వాత నా వెనక నిలబడ్డ మనిషిని "నీకు ఎంత కావాలమ్మా?" అని అడిగింది.